కంప్యూటరు గదిలో కాలపు పద్దు

తెలుగునాట వర్తకుల యిండ్లలో చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు ఉండెడివి. ఏనాటి జమాఖర్చు ఆనాడు జరిగిన క్రమముననే చిట్టాకు ఎక్కును. ఆ పద్దులే పేరుపేరున విడదీయబడి ఆవర్జాలో చేరును. చిట్టా చూచినచో ఏమి జరిగినదో తెలియును. ఆవర్జా చూచినచో ఎవరి ఖాతాలో ఎంత యున్నదో తెలియును. గ్రామమున కరణము వ్రాసిన అడంగలును ఈ కోవలోనిదే. కావున పద్దు వ్రాయుట మనకు కొత్త విద్య కాదు. అయితే ఆ పద్దులలో పని చేయువాడు వేరు, లెక్క వ్రాయువాడు వేరు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వచ్చిన పెద్ద కంప్యూటరులు ఈ భేదమును తుడిచివేసినవి. అవి పని చేయుచునే, ఆ పనికి పట్టిన కాలమును, వాడిన వనరులను తామే లెక్కించి తామే వ్రాసికొనసాగినవి.

ఇది సాంకేతికులకు మాత్రమే చెందిన విషయమని తోచవచ్చును. కాని ఢిల్లీలో కొలువు చేయుచు, సంక్రాంతికో వేసవి సెలవులకో సికింద్రాబాదునకు, విజయవాడకు బెర్తు కొరకై రిజర్వేషను వరుసలో నిలిచిన ప్రతి కుటుంబమునకును దీనితో సంబంధము కలదు. ఆ వరుస వడిగా కదలునా, నిలిచిపోవునా అన్నది, కంటికి కానరాని ఒక గదిలోని యంత్రపు పద్దును ఎవరైన సరిగా చదివిరా లేదా అన్నదానిపై చాలవరకు ఆధారపడి యుండెను.

గోడగడియారము చాలిన రోజులు

భారతదేశమునకు మొదటి ఎలక్ట్రానిక్ డిజిటల్ కంప్యూటరు 1950ల నడుమ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చెను. ఆచార్య మహలనోబిస్ నాయకత్వమున ఆ సంస్థ దేశప్రణాళికకు వలసిన గణాంకములపై కృషి చేయుచున్న కాలమది. 1960లలో ఐ.బి.ఎం. 1401 వంటి యంత్రములు రైల్వేలకును పెద్ద కంపెనీలకును చేరినవి. ఢిల్లీలో కేంద్రప్రభుత్వ గణాంకశాఖకు చెందిన కంప్యూటర్ సెంటరు 1967లో ఏర్పడి, హనీవెల్ 400 యంత్రములతో పని ప్రారంభించెను.

ఆనాటి యంత్రము సాధారణముగా ఒక వేళకు ఒకే ప్రోగ్రామును నడిపెడిది. కార్డుల కట్ట లోనికి పోవును, టేపులు తిరుగును, అచ్చయిన కాగితములు వెలికి వచ్చును. ఆపరేటరు గోడగడియారము చూచి, పని మొదలైన వేళను ముగిసిన వేళను లాగ్ బుక్కులో వ్రాసెడివాడు. యంత్రమంతయు ఆ ఒక్క పనికే అంకితమై యుండుటచే ఆ లెక్క చాలెడిది. గంట సేపు నడిచిన పనికి గంట ఖర్చు వ్రాసిన సరిపోవును.

అయినను ఆ లెక్కలో ఒక మరుగు ఉండెను. కార్డులు చదువు పరికరము, అచ్చువేయు పరికరము నెమ్మదివి; లెక్కలు చేయు ప్రోసెసరు మిక్కిలి వడిగలది. లాగ్ బుక్కు ప్రకారము యంత్రము గంట సేపు పనిచేసినట్లే. కాని ఆ గంటలో ఎక్కువ భాగము ప్రోసెసరు తరువాతి కార్డు కొరకు ఊరక వేచియుండెడిది. గోడగడియారము దీనిని పట్టలేదు. అంత విలువైన యంత్రము ఊరక నిలుచుట ఎవరికిని నచ్చదు. ఈ వేచియుండు కాలమును వాడుకొనవలెనన్న కోరికయే తరువాతి చరిత్రకు మూలము.

చిట్టా యంత్రములోనికి ప్రవేశించుట

1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్ 360 అను యంత్రకుటుంబమును ప్రకటించెను. దాని ఆపరేటింగ్ సిస్టమ్ పెక్కు ప్రోగ్రాములను ఒకేసారి మెమరీలో నుంచుకొని, ఒకటి డిస్కు కొరకో టేపు కొరకో వేచియున్నప్పుడు మరియొకదానిని నడపగల శక్తి కలది. ఒక ఫైలు జవాబు కొరకు పైశాఖకు వెళ్లినప్పుడు గుమాస్తా చేతులు ముడుచుకొని కూర్చుండక తరువాతి ఫైలును తీయుట వంటిదే ఇది.

అంతటితో గోడగడియారము అక్కరకు రానిదయ్యెను. పది ప్రోగ్రాములు కలిసి ఒక గంట నడిచినప్పుడు ఆ గంటలో ఏది ఎంత వాడినదో బయటినుండి చూచువానికి తెలియదు. తెలిసినది ఒక్క ఆపరేటింగ్ సిస్టమునకే. ఏలయన ఎవరికి వంతు ఇచ్చినది, ఎవరిని ఆపినది అదియే. కావున లెక్క వ్రాయు పనియు దానికే అప్పగింపబడెను. 1960ల చివర ఐ.బి.ఎం. తన ఆపరేటింగ్ సిస్టములో ఎస్.ఎం.ఎఫ్. అను విభాగమును చేర్చెను. ప్రతి పని ముగియగానే అది ఒక రికార్డును వ్రాయును: పని పేరు, మొదలైన వేళ, ముగిసిన వేళ, వాడిన ప్రోసెసరు కాలము, డిస్కులతో టేపులతో జరిపిన రాకపోకల సంఖ్య. ఇది అచ్చముగా మన చిట్టాయే. 1970లలో వచ్చిన ఆర్.ఎం.ఎఫ్. అను సాధనము యంత్రమంతటి స్థితిని నియతకాలమున కొలిచి నివేదికలు ఇచ్చెను. చిట్టానుండి ఆవర్జా తీయుట ఆనాటి పెద్ద కంప్యూటరు కేంద్రములలో ఒక ప్రత్యేకవృత్తిగా ఎదిగెను.

ఈ పద్దునకు మూడు ప్రయోజనములు. యంత్రమును పంచుకొను శాఖల నడుమ ఖర్చు పంచుట మొదటిది. మందగించిన పనికి కారణము కనుగొనుట రెండవది. కొత్త యంత్రము ఎప్పుడు కావలెను, ఎంతది కావలెను అని ముందుగా నిర్ణయించుట మూడవది. విదేశీ మారకద్రవ్యము కొరతగా నున్న మన దేశమునకు ఈ మూడవదియే ప్రధానమైనది. దిగుమతి లైసెన్సు సంపాదించి, ఏండ్లు వేచి తెచ్చుకొన్న యంత్రము అక్కరకు మించినదైనను నష్టమే, అక్కరకు చాలనిదైనను నష్టమే.

ఢిల్లీలో మారిన గాలి

మన దేశమున కంప్యూటరునకు స్వాగతము సులభముగా లభింపలేదు. ఉద్యోగములు పోవునన్న భయముతో 1960లలో జీవితబీమా ఉద్యోగులు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1969లో కేంద్రప్రభుత్వము ఆచార్య వి. ఎం. దండేకర్ అధ్యక్షతన ఆటోమేషనుపై ఒక సంఘమును నియమించెను; ఆ సంఘము 1972లో నివేదిక సమర్పించెను. 1975లో ప్రభుత్వరంగమున కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషను, అనగా సి.ఎం.సి., ఏర్పడెను. విదేశీ వాటాల విషయమున రాజీ కుదరక ఐ.బి.ఎం. 1978లో దేశము విడిచినప్పుడు, ఆ యంత్రముల పోషణభారము సి.ఎం.సి. వహించెను. 1976లో డాక్టరు ఎన్. శేషగిరి సారథ్యమున నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు రూపుదాల్చెను. 1980లలో ఆ సంస్థ ఢిల్లీ, పూనా, భువనేశ్వరములతో పాటు హైదరాబాదులోను పెద్ద యంత్రములను నెలకొల్పి, ఉపగ్రహము ద్వారా జిల్లాకేంద్రములను కలిపెను.

ఇవన్నియు ప్రభుత్వము లోపలి పనులు. సామాన్యుడు పెద్ద కంప్యూటరుతో ముఖాముఖి నిలిచిన మొదటి స్థలములలో ముఖ్యమైనది రైల్వే రిజర్వేషను కౌంటరు.

వరుస ముందు యంత్రము

పాతపద్ధతిలో ఒక్కొక్క బండికి, ఒక్కొక్క తేదీకి వేరువేరు రిజిస్టరులు. బండిని బట్టి కౌంటరు. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్సులో చోటు లేదని తెలిసినవాడు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సు కొరకు మరియొక వరుసలో మొదటినుండి నిలువవలసినదే. తిరుగు ప్రయాణమునకు టెలిగ్రాము పంపి జవాబు కొరకు ఎదురుచూడవలెను. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సు వచ్చిన పిమ్మట రాజధానినుండి తెలుగునాటికి ప్రయాణకాలము తగ్గెను గాని, టిక్కెట్టు కొరకు నిలుచు కాలము తగ్గలేదు.

1985లో ఢిల్లీలో సి.ఎం.సి. రూపొందించిన ఇంప్రెస్ అను కంప్యూటరు రిజర్వేషను పద్ధతి ప్రయోగాత్మకముగా ప్రారంభమయ్యెను. ఏ కౌంటరులోనైనను ఏ బండికైనను టిక్కెట్టు తీసికొనవచ్చుననుట దాని ముఖ్యలక్షణము. మరుసటి యేడు రైల్వేల సమాచార వ్యవస్థలకై ఢిల్లీలో సి.ఆర్.ఐ.ఎస్. అను సంస్థ స్థాపింపబడెను. బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకును ఈ పద్ధతి క్రమముగా విస్తరించెను.

దీనికి ఎన్నుకొన్న యంత్రములు అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను వారి వాక్స్ తెగవి. ఈ తెగలో మొదటిది 1977లో ప్రకటింపబడెను. పరిభాషలో వీనిని మెయిన్‌ఫ్రేమ్ అనక సూపర్ మినీ అనెడివారు. కాని అవి ఇక్కడ మోసిన భారము మెయిన్‌ఫ్రేమునకు తగినదే. వీని ఆపరేటింగ్ సిస్టము పేరు వి.ఎం.ఎస్. పద్దు వ్రాయుటలో అది మిక్కిలి శ్రద్ధ గలది.

మూడు విధముల పద్దు

వి.ఎం.ఎస్.లో మొదటి పద్దు అకౌంటింగ్ ఫైలు. ప్రతి ప్రోగ్రాము ముగిసినప్పుడు, లేదా వాడుకరి సెలవు తీసికొన్నప్పుడు, ఇందులో ఒక రికార్డు చేరును. ప్రోసెసరు కాలము, మొత్తము గడచిన కాలము, డిస్కుతో జరిపిన రాకపోకలు, టెర్మినలు వంటివానితో జరిపిన రాకపోకలు, పేజీ ఫాల్టుల సంఖ్య, అత్యధికముగా ఆక్రమించిన మెమరీ ఇందులో ఉండును. ఇది చిట్టా.

రెండవది మానిటర్ అను సాధనము. ఇది జరిగిపోయినదానిని గాక జరుగుచున్నదానిని చూపును. మామూలుగా మూడు సెకనుల కొకసారి కొలిచి తెరపై నాలుగు వరుసలలో అంకెలు వేయును: ఇప్పటి విలువ, సగటు, కనిష్ఠము, గరిష్ఠము. ఎక్కువ ప్రోసెసరు వాడుచున్న ప్రోగ్రాములేవి, ఎక్కువ డిస్కు వాడుచున్నవేవి, ఎక్కువ పేజీ ఫాల్టులు చేయుచున్నవేవి అని అడుగవచ్చును. ఎన్ని ప్రోగ్రాములు నడచుటకు సిద్ధముగ నున్నవి, ఎన్ని దేని కొరకు వేచియున్నవి అని స్థితులవారీగా లెక్క చూడవచ్చును. ఒకే వస్తువునకు ఇద్దరు చేయి చాచినప్పుడు ఒకరిని ఆపు తాళముల వ్యవస్థలో ఎన్ని అభ్యర్థనలు ఆగవలసివచ్చినవో కూడ తెలియును.

మూడవది ఈ కొలతలను ఫైలుగా భద్రపరచి, కోరిన గంటలకు మాత్రము సారాంశము తీయుట. ఇది ఆవర్జా. దీని విలువ ముందు తెలియగలదు.

ఈ అంకెలలో పేజీ ఫాల్టు అనునది కొంత వివరింపదగినది. వాక్స్ యంత్రమున మెమరీ 512 బైట్ల పేజీలుగా విభజింపబడి యుండును. ప్రోగ్రామునకు వలసిన పేజీ తన వాటాలో లేనిచో అది పేజీ ఫాల్టు. కచేరీ భాషలో చెప్పవలెనన్న, వలసిన ఫైలు బల్లమీద లేదు. అది ప్రక్కనున్న రాకులోనే దొరికినచో నష్టము స్వల్పము. ఇట్టివి మెత్తని ఫాల్టులు. రికార్డు రూమునకు మనిషిని పంపవలసివచ్చినచో నష్టము పెద్దది. డిస్కునుండి తేవలసిన కఠినమైన ఫాల్టులు ఇట్టివి. మొత్తము ఫాల్టులు ఎన్నియో చూచి బెదరిపోక, వానిలో డిస్కువరకు పోయినవి ఎన్నియో చూచుట అనుభవజ్ఞుని లక్షణము.

ఇందుచేతనే పద్దు చదువుట ముఖ్యమగుచున్నది. యంత్రము మందగించినదన్న ఫిర్యాదు ఒక్కటే. కారణములు మూడు నాలుగు. ప్రోసెసరు చాలకపోవచ్చును, మెమరీ చాలకపోవచ్చును, ఒకే డిస్కుపై అందరు పడుచుండవచ్చును, తాళము కొరకు అందరు ఆగియుండవచ్చును. మెమరీ చాలనిచోట వేగవంతమైన ప్రోసెసరును కొన్నచో, అది మరింత వేగముగా పోయి రికార్డు రూము ముందు నిలుచును. ధనము ఖర్చగును, వరుస కదలదు.

పద్దులోను లోపము లేకపోలేదు. వాక్స్ పై ప్రోసెసరు కాలమును సెకనులో నూరవ వంతునకు ఒకసారి కొట్టు గడియారముతో కొలిచెడివారు. ఆ దెబ్బ పడిన క్షణమున ఏ ప్రోగ్రాము నడచుచున్నదో దాని ఖాతాలో ఆ నూరవవంతు వ్రాయబడును. రెండు దెబ్బల నడుమ వచ్చి పని ముగించుకొని పోయినది పద్దునకు చిక్కదు. అంతేగాక మానిటర్ కూడ ఒక ప్రోగ్రామే. కొలుచుటకును కాలము పట్టును. అది చూపు పట్టికలో దాని పేరును కానవచ్చుచుండును.

సగటు చెప్పని సంగతి

ఈ చరిత్రలోని అసలు పాఠము సగటునకు గరిష్ఠమునకు నడుమ నున్నది. ఒక ఉదాహరణము ఊహింతము. కౌంటరులు ఉదయము 8 గంటలనుండి రాత్రి 8 గంటలవరకు, అనగా 12 గంటలు, పనిచేయుననుకొందము. మొదటి గంటలో ప్రోసెసరు 95 శాతము నిమగ్నమై, తక్కిన 11 గంటలలో 35 శాతము మాత్రమే నిమగ్నమైనచో, దినపు సగటు సరిగా 40 శాతము. నెలవారీ నివేదికలో 40 శాతమని చూచిన అధికారి యంత్రములో సగమునకు పైగా ఖాళీగా నున్నదని సంతృప్తి చెందును. కాని కొత్త తేదీకి రిజర్వేషను తెరచునది ఉదయము 8 గంటలకే. జనము నిలిచియుండునదియు ఆ గంటలోనే.

95 శాతమనగా ఇంకను 5 శాతము మిగిలియున్నది గదా అనవచ్చును. దీనికి సమాధానము 1909లోనే డెన్మార్కులో పుట్టినది. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను గణితవేత్త, టెలిఫోను పిలుపుల రాకపై పరిశోధించి క్యూ శాస్త్రమునకు పునాది వేసెను. ఆ శాస్త్రములోని మిక్కిలి సరళమైన నమూనా ప్రకారము, యంత్రము 50 శాతము నిమగ్నమైనప్పుడు జవాబునకు పట్టు కాలము ఖాళీ యంత్రముపై పట్టుదానికి రెండు రెట్లు. 80 శాతమున ఐదు రెట్లు. 90 శాతమున పది రెట్లు. 95 శాతమున ఇరువది రెట్లు. భారము కొంచెము పెరిగిన కొలది వేచియుండుట ఎంతో పెరుగును.

దీనిని కౌంటరు వద్దకు తెచ్చి చూతము. ఖాళీ యంత్రము అర సెకనులో జవాబిచ్చుననియు, ఒక టిక్కెట్టునకు నాలుగుసార్లు యంత్రమును అడుగవలెననియు అనుకొందము. 50 శాతము భారమున ఒక్కొక్క టిక్కెట్టుపై యంత్రము కొరకు వేచియుండుట 4 సెకనులు. 95 శాతమున 40 సెకనులు. తేడా 36 సెకనులే. కాని వరుసలో ముందు ముప్పదిమంది ఉన్నచో, వెనుకనున్నవానికి ఆ తేడా 18 నిమిషములు. పండుగ బండిలో బెర్తులు నిండుటకు అంత కాలము అక్కరలేదు. గుమాస్తా నిదానమని వరుసలోనివారు విసుగుకొందురు. గుమాస్తాయు వారివలెనే తెరవంక చూచుచు వేచియుండును. తప్పు ఇద్దరిదియు కాదు. అది ఆవర్జాలో 8 నుండి 9 వరకు గల పుటలో వ్రాసియున్నది. ఆ పుటను విడిగా తీసి చూచినవానికే అది కనబడును.

సికింద్రాబాదు నుండి దేశమంతటికి

ఇంప్రెస్ కాలమున ప్రతి కేంద్రమును వేరొక ద్వీపము. ఢిల్లీ యంత్రమునకు ఢిల్లీ బండ్లు తెలియును. సికింద్రాబాదు యంత్రమునకు అక్కడివి. ఈ ద్వీపములను కలుపుటకు సి.ఆర్.ఐ.ఎస్. సంస్థ కాన్సర్ట్ అను కొత్త పద్ధతిని రచించెను. అది మొట్టమొదట 1994లో అమలైనది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఐదు కేంద్రములును ఒకే వలగా కలిసినవి. అప్పటినుండి ఢిల్లీలోని ఉద్యోగి విజయవాడనుండి తిరుగు టిక్కెట్టును ఢిల్లీ కౌంటరులోనే తీసికొనగలిగెను. టెలిగ్రాముతో పని తీరెను.

కాన్సర్ట్ కూడ వి.ఎం.ఎస్. వంశములోని ఓపెన్ వి.ఎం.ఎస్. పైననే, ఆల్ఫా యంత్రములపై నడిచెను. వల పెరిగిన కొలది కొలవవలసినవియు పెరిగినవి. జవాబు ఆలస్యమైనచో అది ఇక్కడి ప్రోసెసరు వలననా, అక్కడి డిస్కు వలననా, నడుమనున్న తంతి వలననా అని విచారింపవలసివచ్చెను. 2002 ఆగస్టులో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్టులు ఇచ్చుట ప్రారంభమయ్యెను. దానితో వరుస కంటికి కనబడకుండ పోయెను గాని, లేకుండ పోలేదు. తత్కాల్ టిక్కెట్టుకై ఉదయము ఫోనుతో కూర్చున్న గృహస్థుడు నిలిచియున్నదియు ఎర్లాంగ్ వరుసలోనే.

పద్దు ఎవరిని కొలుచును

చివర ఒక విషయము ఉద్యోగులకు ప్రత్యేకముగా చెప్పదగియున్నది. అకౌంటింగ్ రికార్డులో ప్రోసెసరు కాలముతో పాటు వాడుకరి పేరు, టెర్మినలు పేరు, వేళ కూడ ఉండును. అందువలన అది యంత్రము ఎంత పని చేసినదో చెప్పును. ఫలానా బల్ల వద్ద ఎవరు ఎంతసేపు ఉండిరో కూడ చెప్పగలదు. యంత్రమును కొలుచుటకై పెట్టిన పద్దు మనిషిని కొలుచు పద్దుగా మారుట సులభము. అట్లు మార్చినచో న్యాయము జరుగదు. ఏలయన యంత్రము ఆలస్యముచేసిన 36 సెకనులు మనిషి ఖాతాలో పడును. వృద్ధునికి రాయితీ విషయము ఓపికతో వివరించిన కాలము పద్దులో వృథాకాలముగా కనబడును. దండేకర్ సంఘము నాడు చర్చకు వచ్చినది ఉద్యోగములు ఉండునా పోవునా అను ప్రశ్న. యంత్రము ప్రక్కన కూర్చున్న మనిషి పనిని ఏ కొలబద్దతో కొలువవలెనన్న ప్రశ్న దాని వెనుకనే వచ్చినది. అది నేటికిని తీరలేదు.

డిజిటల్ సంస్థ 1998లో కాంపాక్ చేతికిని, 2002లో హ్యూలెట్ పాకార్డ్ చేతికిని పోయినది. 2014 తరువాత వి.ఎం.ఎస్. అభివృద్ధిని మరియొక సంస్థ చేపట్టినది. యంత్రములు మారినవి, పద్దులు వ్రాయు పద్ధతులు మరింత సూక్ష్మములైనవి. ఆనాటి అకౌంటింగ్ ఫైలు చెప్పినదానికంటె నేటి సాధనములు అనేక రెట్లు చెప్పగలవు. కాని చిట్టా ఎంత పెద్దదైనను ఆవర్జా తీయువాడు అడుగవలసిన ప్రశ్న అదియే: జనము నిలిచియున్న గంటలో ఏమి జరిగినది? కరణము అడంగలులో పంట వ్రాసినంత మాత్రమున రైతు కడుపు నిండదు. దానిని చదివి, నీరందని పొలమునకు కాలువ త్రవ్వించిననాడే ఆ వ్రాతకు ప్రయోజనము. కంప్యూటరు గదిలోని కాలపు పద్దుకును ఇదియే న్యాయము.